మబ్బు పట్టిన డిచ్‌పల్లి గుట్ట

చెప్పులు అప్పుడే విప్పకండి. గుడి గడప ఇంకా రాలేదు, పొద్దుటి నుంచి కాలిన మెట్లు అరికాలిని నిలవనియ్యవు. మే నెలాఖరు. సాయంత్రం నాలుగు దాటింది. గాలి పూర్తిగా ఆగిపోయింది. బట్టలు వీపుకు అతుక్కున్నాయి. మీరు డిచ్‌పల్లి ఖిల్లా రామాలయం మెట్లెక్కుతున్నారు.

చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది. గుడికి ఏమేం చేయించాలో ఊరి పిల్లలు రాసిన జాబితా. మెట్లకు టైల్స్. పక్కన స్టీలు రెయిలింగు. గోడలకు సిమెంటు పూత, రంగు. ఫ్లడ్‌లైట్లు. గుట్ట కింద పార్కింగు. గుట్ట పైన పెద్ద గుండు మీద సెల్ఫీ పాయింటు. పాత గుడి ఉన్న ఏ ఊరికి పోయినా ఇలాంటి కాగితం ఒకటి కనిపిస్తుంది. దుర్బుద్ధితో రాసింది కాదు, గుడి బాగుపడాలనే రాశారు.

"పోయి సూసి రాండ్రి. మీరు సంతకం పెడితే రేపు మండలం ఆఫీసుల ఇస్తం" అన్నాడు కింద టీకొట్టు దగ్గర కాగితం ఇచ్చిన పిల్లగాడు. మీ సంతకమే ఎందుకంటారా? ఇక్కడ పుట్టి పట్నంలో చదువుకున్నారు, నలుగురిలో మీ మాట చెల్లుతుంది. అంతకు మించి ఏం లేదు.

సగం ఎక్కేసరికి ఆయాసం. ఆగండి. పక్కనున్న గుండు మీద చెయ్యి ఆనించండి. చురుక్కుమంటుంది. మీ ఎత్తుకు రెండింతలుంది, కింద మాత్రం చిన్న ఆనిక మీద నిలబడింది. తోస్తే దొర్లేటట్టుంది. ఎవరు ఎత్తి పెట్టారు? ఎవరూ పెట్టలేదు. ఈ గ్రానైటు గడ్డకట్టి సుమారు 250 కోట్ల ఏళ్లయింది. నేల లోపల ఉండగానే దాని పగుళ్ల వెంట నీళ్లు దిగాయి, మూలలు అరిగాయి. చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోయాక గుండు బయటపడింది. పుట్టినచోటే నిలబడి ఉంది. ఒక్కసారి జరిపితే మళ్లీ అలా నిలబెట్టగలిగే క్రేన్ లేదు.

ఇంకో రెండు మెట్లెక్కి పక్క బండ అంచు తడమండి. వరసగా నాలుగు పలకల గుంటలు. నల్లబడ్డాయి, అంచులు అరిగి నున్నబడ్డాయి. వేలు మొదటి కణుపు దాకా పడుతుంది. పాతకాలపు రాతిపనివాళ్లు ఇలాంటి గుంటలు తొలిచి, గూటాలు బిగించి, సుత్తెతో వరసగా కొట్టుకుంటూ పోయేవాళ్లు. బండ తిన్నగా చీలేది. వచ్చేదారిలో రోడ్డు పక్కన ఇంకో బండను మీరు చూశారు. దానిమీదా వరస గుంటలే, కాకపోతే గుండ్రంగా, డ్రిల్లింగ్ మిషను దింపినవి, చుట్టూ తెల్లటి పిండి. ఆ పాత చేతులు మెట్టుకెంత కావాలో అంతే తీసుకున్నాయి. ఈ మిషను గుట్టంతా కావాలంటుంది.

పైనుంచి మేకలు దిగుతున్నాయి. వాటి వెనక భుజాన గొంగడి వేసుకున్న ముసలాయన.

"మబ్బు పట్టింది బిడ్డా. పైకి పోకు."

తలెత్తి చూస్తారు. నెత్తిమీద ఎండే ఉంది. సిర్నపల్లి గుట్టల వైపు మాత్రం ఆకాశం నల్లగా ఉంది. చాలా దూరం కదా.

"ఐదు నిమిషాల్లో వస్తా తాతా."

ఆయన తల అడ్డంగా ఊపి నడిచిపోయాడు. మేకలు మేత వైపు చూడను కూడా చూడకుండా దిగిపోతున్నాయి. అది మీరు పట్టించుకోవాల్సింది. పట్టించుకోలేదు.

గుడి. చెప్పులు ఇప్పుడు విప్పండి. నల్లరాయీ తెల్లరాయీ కలిసిన గోడలు. 14వ శతాబ్దం నాటిదని, కాకతీయుల కాలందని చెప్తారు. 1323లో వాళ్ల రాజధాని ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి పడిపోయింది. దాంతో గుడి పని అసంపూర్తిగా ఆగిపోయిందని కూడా చెప్పుకుంటారు. చాలాకాలం లోపల విగ్రహమే లేదు, సీతారామలక్ష్మణులను గత శతాబ్దంలోనే ప్రతిష్ఠించారు. ద్వారబంధం దగ్గరికి జరగండి. ఒక్క జానెడు జాగా వదల్లేదు ఆ శిల్పులు. దేవతలు, రాక్షసులు, జంతువులు, ఒకరినొకరు అల్లుకున్న జంటలు. చీర మడతల సందుల్లో ఎప్పటిదో సున్నం ఇంకా తెల్లగా ఇరుక్కుని ఉంది. గోటితో గీకాలనిపిస్తుంది. గీకకండి.

దీన్ని ఇందూరు (నిజామాబాద్) ఖజురహో అంటారు. ఆ పోలిక నాకు నచ్చదు. ఆ పేరు విని వచ్చినవాళ్ల చూపు గోడమీద బొమ్మల దగ్గరే ఆగిపోతుంది. ఫోటో తీసుకుని దిగిపోతారు. వెనక్కి తిరిగి చూడరు.

మీరు తిరగండి.

కింద దక్షిణాన కోనేరు, నీళ్ల మధ్యలో మండపం, దాని దాకా పోవడానికి దారి. ఎండాకాలం కదా, నీళ్లు బాగా దిగిపోయాయి. అవతల కోసేసిన మడులు, వడ్ల కుప్పల మీద నీలం పట్టాలు. ఇంకా అవతల 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీల మెరుపు. అటే ఎక్కడో 2006లో పెట్టిన తెలంగాణ యూనివర్సిటీ, స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఇసాబెల్ కెర్ దంపతులు నర్సాగౌడ్ విరాళంతో 1915లో తెరిచిన కుష్ఠు ఆసుపత్రి. రైలు కూత వినిపిస్తోంది. మీరు నిలబడిన రాయి నుంచి ఆ మడుల దాకా ఎక్కడా తెగింపు లేదు. గుట్ట ఎక్కడ అయిపోయిందో, గుడి ఎక్కడ మొదలైందో గీత గీయమంటే ఎక్కడ గీస్తారు?

ఫోను తీస్తారు. ఒక్క ఫోటో.

చల్లటి గాలి మొహాన కొట్టింది.

మంచి గాలి అనుకుంటారు. కాదు. మబ్బు లోపల చల్లబడ్డ గాలి కిందికి జారి, వానకంటే ముందు ఉరికొస్తుంది. గాలిదుమారం. వడ్ల కుప్పల మీద పట్టాలు లేచాయి. కింద మనుషులు పరిగెడుతున్నారు. ఎండ పోయింది.

మెరుపు.

లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది. ఉరుము.

వెలుగు వెంటనే కంటపడుతుంది, చప్పుడు కిలోమీటరు నడవడానికి మూడు సెకన్లు తీసుకుంటుంది. తొమ్మిదంటే మూడు కిలోమీటర్లు. ముప్పై లోపు ఎంత వచ్చినా అప్పటికే ఇంట్లో ఉండాలన్నది లెక్క. మీరు చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తున, బట్టబండ మీద నిలబడి ఉన్నారు.

ఎటు పోతారు?

చెట్టు కిందికా? వద్దు. పిడుగు ముందు వెతికేది దాన్నే. కోనేటి మండపంలోకా? నాలుగు పక్కలా తెరుపు, చుట్టూ నీళ్లు. వద్దు. గుడిలోకా? కాళ్లు అటే లాగుతున్నాయి. రాతి కప్పు, మందపు గోడలు. కానీ గుట్ట కంటే ఎత్తు గుడి గోపురం. తడిసిన స్తంభాన్ని ఆనుకుని కూర్చుంటే స్తంభం మీద పడ్డది మీ వీపులోకి దిగుతుంది. దిగే వీల్లేకపోతే మాత్రం లోపలికే పోవాలి, ఏ గోడా తగలకుండా నడిమధ్యన, పాదాలు రెండూ దగ్గరపెట్టి గొంతుక్కూర్చోవాలి. పిల్లర్లు, స్లాబు, కరెంటు వైరింగు ఉన్న మామూలు డాబా ఇల్లు ఇంతకంటే నయం. అది మెట్ల కింద ఉంది.

మెరుపు. ఒకటి, రెండు... ఆరు.

దిగండి. ఇప్పుడే.

మొదటి చినుకు మెడ మీద పడింది. లావుగా, చల్లగా. రెండోది. తర్వాత లెక్క లేదు. మెట్లు తడిసిపోయాయి. చెప్పులు చేతిలోనే ఉన్నాయి, వేసుకునే టైం లేదు. అయినా కాలు జారడం లేదు. ఉలి గాట్లు ఇంకా గరుకుగా ఉన్నాయి. అరికాలును రాయి పట్టుకుంటోంది.

ఇక్కడ టైల్స్ ఉండి ఉంటే?

పట్టుకోవడానికి చెయ్యి పక్కకు చాస్తారు. ఏమీ లేదు. ఉండుంటే అది స్టీలు. గుట్ట పైనుంచి కింది దాకా పరిచిన ఇనప దారి. పైన పడ్డది కింద పట్టుకున్న చేతికి వస్తుంది.

మెరుపు. ఒకటి, రెండు, మూ—

ఉరుము కాదు. పగిలిన చప్పుడు. రాయి కాళ్ల కింద అదిరింది.

ఆగకండి. వంగండి. దిగండి. మెట్టు. మెట్టు. రాళ్లవాన మొదలైంది. భుజం మీద. తల మీద. కాగితం జేబులో. ఫోను జేబులో. చూడకండి. మెట్టు. కింద ఎవరో అరుస్తున్నారు.

"ఇటు! ఇటు రా బిడ్డా!"

గేటు. వాకిలి. గడప. లోపల.

ముసలాయన తలుపు వేశాడు. వెనక రేకుల షెడ్డులో మేకలు, రేకుల మీద రాళ్లు. ఒకరి మాట ఒకరికి వినబడదు. ఆయన మీకు తువ్వాలిచ్చి, కిటికీ దగ్గర్నుంచి జరగమని చెయ్యి ఊపాడు. గోడ మీది స్విచ్చులన్నీ ఆపేశాడు. చదువుకున్న మీకు ఆ పని గుర్తుకు రాలేదు.

ఇక కూర్చోండి. ఆఖరి ఉరుము విన్నాక ఇంకో అరగంట బయటికి పోకూడదు. మన దేశంలో పిడుగుపాటుకు ఏటా రెండు వేల మందికి పైగా పోతున్నారు. చాలామంది పొలాల్లో, మేకల వెంట ఉన్నవాళ్లే. పూణే వాతావరణ శాస్త్రవేత్తలు తయారుచేసిన 'దామిని' అనే ఫోను యాప్ చుట్టుపక్కల పిడుగు పడే ముప్పుంటే ముందే హెచ్చరిస్తుంది. మీ ఫోనులో అది లేదు. ఈయనకు మేకలున్నాయి.

అరగంట ఉంది కాబట్టి కాగితం తీసి మోకాలి మీద పరుచుకుంటారు. సిరా కొంచెం పాకింది, చదవొచ్చు. ఇప్పుడొకటి కనిపిస్తుంది. ఇందులో ఉన్నవన్నీ కట్టే పనులే. గుడికి, మెట్లకు, లైట్లకు. గుట్ట అన్న మాట రెండుచోట్ల ఉంది, కింద పార్కింగు కోసం, పైన సెల్ఫీ కోసం. కోనేరు లేదు. నీళ్లు అసలే లేవు.

పిల్లలది తప్పనలేం. ప్రపంచమే చాలాకాలం అలా ఆలోచించింది. కట్టడం ఒక ఖాతా, కొండా నీరూ ఇంకో ఖాతా. మనిషీ ప్రకృతీ కలిసి తయారుచేసిన నేలనంతా ఒక్కటిగా, సాంస్కృతిక భూదృశ్యంగా గుర్తించవచ్చని యునెస్కో ఒప్పుకున్నది 1992లో. ఆ లెక్కన మొదట గుర్తింపు పొందింది గుడీ కోటా కాదు, న్యూజిలాండ్‌లోని టోంగరీరో అగ్నిపర్వతాలు, 1993లో. అక్కడి మావోరీలకు ఆ శిఖరాలే పెద్దలు. మన దగ్గరికి వస్తే ఈ సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి చూసినవాళ్లు చెరువు కట్ట కూడా ఎక్కే వస్తారు. కాకతీయులు గుడి కట్టినచోట చెరువు తవ్వారు, చెరువు కింద ఊరు పెట్టారు. 2021లో ప్రపంచ వారసత్వ పట్టికలోకి ఎక్కింది రామప్ప గుడి. ఆ గుడిని పోషించింది చెరువు కింది పొలం.

చట్టం ఏమంటుందని అడుగుతారు. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికైతే 2010 సవరణ ప్రకారం చుట్టూ వంద మీటర్లు ఏమీ కట్టకూడదు, ఆపైన రెండు వందల మీటర్లు అనుమతితో కట్టాలి. తెలంగాణకు 2017లో సొంత వారసత్వ చట్టం వచ్చింది. మంచివే. కానీ మీటర్లు కొలిచి గీసే గిరి గుండ్రంగా ఉంటుంది. నీళ్లు పల్లానికి పోతాయి. గిరి అవతల ఎవరో కాలువ పూడిస్తే గిరి లోపల కోనేరు ఎండుతుంది, ఏ అధికారీ నోటీసు ఇవ్వడు. గుండ్ల సంగతి ఇంకా కష్టం. హైదరాబాద్‌లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' 1996 నుంచి పోరాడితే కొన్ని రాతి గుట్టలు వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. జిల్లాల్లో గుండంటే ఇప్పటికీ క్వారీ సరుకే.

"తాతా, గుట్టకు కంచె వేసి కాపాడితే ఎట్లుంటది?"

"మేకలెక్కడ మేయాలె?"

ఆయన మామూలుగానే అన్నాడు. కానీ ఆ ప్రశ్న దాటిపోయేది కాదు. హంపిలో విరూపాక్షుడి గుడి ముందు బజారులో కాపురమున్న కుటుంబాలను 2011లో ఖాళీ చేయించారు, వారసత్వం పేరుతోనే. మంటపాలు మిగిలాయి. వాటి నీడన పొయ్యి వెలిగించుకున్నవాళ్లు పోయారు. కంచె వేసిన గుట్టమీద ముళ్లచెట్లు ఎదుగుతాయి, మేకలు తొక్కిన దారులు మూసుకుపోతాయి, క్వారీ వాళ్లు వస్తే చూసి అరిచే మనిషే ఉండడు.

ఉరుము దూరమైంది. ఇంకా దూరమైంది. అరగంట.

తలుపు తీయండి.

గుట్టంతా పారుతోంది. ప్రతి గుండు పక్కనుంచి ఒక ధార, రెండు ధారలు కలిసినచోట ఒక పాయ. బట్టబండ ఒక్క చుక్క తాగదు, పడ్డదంతా కిందికి పంపిస్తుంది. గుడి ఇంత ఎత్తున ఎందుకు, కోనేరు సరిగ్గా అక్కడే ఎందుకు అన్నదానికి ఇంత వానలో నిలబడితే తప్ప జవాబు దొరకదు. ఈ రాయి మొత్తం నీళ్లు పట్టే కప్పు. కోనేరు దాని కింద పెట్టిన తొట్టి.

ముసలాయన ముందు నడుస్తున్నాడు. వెనకే పదండి. ఒక పాయ రాతిలో తొలిచిన గాడిలోకి దిగి కోనేటి వైపు పోతోంది. దాని పక్కదే, ఇంకా పెద్దది, దారి తప్పింది. కొబ్బరి పీచు, ప్లాస్టిక్ కవర్లు, పాత పూలదండలు కలిసి గాడికి అడ్డంగా కట్టలా పేరుకున్నాయి. నీళ్లు ఎర్రగా పక్కకు మళ్లి, ఒక గుండు కింది మట్టిని కోసుకుంటూ పోతున్నాయి. ఆనిక కింద అప్పుడే చెయ్యి దూరేంత సందు.

ఆయన కర్రతో పొడుస్తున్నాడు. చాలదు. మీరు వంగి రెండు చేతులూ పెట్టండి. పీచు బరువుగా ఉంది. లాగండి. కవరు చినిగింది. మళ్లీ లాగండి. ఒక్కసారిగా వదిలింది. మీ మోచేతుల దాకా బురద, నీళ్లు మాత్రం గాడిలోకి దుమికాయి.

"సిన్నప్పుడు మేమే తీస్తుంటిమి, మృగశిర కార్తెకు ముందు. ఊరంత అస్తుండె" అన్నాడాయన. మిషన్ కాకతీయ పథకం కింద 2015 నుంచి రాష్ట్రంలో చెరువులకు పూడిక తీశారు, 46 వేలకు పైగా చెరువులు లెక్కలోకి వచ్చాయి. గుట్ట మీద జానెడు వెడల్పు గాడి ఏ లెక్కలోకీ రాదు.

బైకు చప్పుడు. కాగితం ఇచ్చిన పిల్లగాడు వచ్చాడు, తడిసి ముద్దయ్యాడు.

"సంతకం పెట్టిండ్రా?"

టైల్స్ కొట్టేయమంటారు. ఒప్పుకున్నాడు, కిందటేడు వేరే గుడి దగ్గర వాళ్లమ్మ జారిపడిందట. రెయిలింగు మీద వాదన పెట్టుకున్నాడు. ముసలోళ్లు ఏం పట్టుకుని ఎక్కాలె? న్యాయమైన మాట. సగం దూరం దాకా రాతి పిట్టగోడ, ఆగడానికి రెండు అరుగులు అని మార్జినులో రాస్తారు. సిమెంటు పూత వద్దు. దాని వెనక చేరిన తడి బయటికి రాలేక రాయి పొరను ఊడగొడుతుంది. డంగుసున్నమైతే తడిని బయటికి వదులుతుంది. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోసి నూరేవాళ్లు దాన్ని. బెల్లం నీళ్లతో గోడలు నిలిపిన తెలివి బోధన్ చెరుకు నేల పక్కనే పోయిందంటే చిత్రమే.

"సెల్ఫీ పాయింటు లేకుంటే ఎవలస్తరు?" ఈసారి గొంతు పెంచాడు. అతనికి ఇక్కడ కూల్‌డ్రింకుల దుకాణం పెట్టాలని ఉంది. అది తప్పా? గుట్ట నాలుగు పైసలు తెచ్చిపెట్టకపోతే క్వారీ వాడి పైసలే గెలుస్తాయి. సెల్ఫీ గుండు మీద వద్దు, కోనేటి గట్టు మీద పెట్టు, వెనక గుట్టంతా వస్తుంది అంటారు మీరు. ఆలోచిస్తున్నాడు. ఫోను ఎత్తి ఒక ఫోటో తీసి చూసుకున్నాడు. ఏమీ అనలేదు.

మిగిలింది పార్కింగు. కాగితంలో గీసిన చోటు చూపించమంటారు.

"గీడనే" అన్నాడు, చెయ్యి చాచి.

అక్కడ మోకాళ్లలోతు నీళ్లు. కోనేరు దిక్కు పోయే పాయ మొత్తం ఆ జాగాలోంచే తిరుగుతోంది.

"గిక్కడ మట్టి పోస్తే కోనేటికి నీళ్లెట్ల పోతయిరా?" అన్నాడు ముసలాయన.

"మరి ఏడ పెడదాం?"

"రోడ్డు అవతల" అన్నారు మీరు.

"అవుతల మా చిన్నాయన జాగా. ఇయ్యడు."

"తోలుకరాపో" అన్నాడు ముసలాయన. "ఇప్పుడే తోలుకరా. నీళ్లు తీయకముందే సూడాలె ఆయన."

పిల్లగాడు బైకు తిప్పాడు.